మడిచి చూశాకే వైరు కొయ్యాలి

మామూలు సైకిలుకు హ్యాండిల్ మార్చడం పెద్ద పని కాదు. పాతది విప్పి కొత్తది బిగించి, బ్రేకు లివర్లు ఎక్కించి, వైర్లు కాస్త సర్దితే సరి. మడత సైకిలు దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. ఆ హ్యాండిల్ తొక్కేటప్పుడు చేతులకు అందాలి, మడిచినప్పుడు రెండు చక్రాల మధ్య ఇరుకులో ఇమడాలి. దాని వెంట వెళ్లే వైర్లు రెండు స్థితుల్లోనూ ఎక్కడా బిగుసుకోకూడదు, ఎక్కడా చిక్కుకోకూడదు. కాబట్టి మడిచి చూడకుండా ఒక్క వైరు కూడా కొయ్యకూడదన్నది నేను గట్టిగా చెప్పే మాట.

నాది 20 అంగుళాల చక్రాల సైకిలు. వెనక 7 గేర్లు, ముందూ వెనకా చక్రం రిమ్మును రెండు పక్కల నుంచీ నొక్కే వి-బ్రేకులు. ఫ్రేము నడిమికి మడత పడుతుంది. హ్యాండిల్‌ను మోసే పొడవాటి గొట్టం అడుగున ఉన్న కీలు దగ్గర లోపలికి వాలి, రెండు చక్రాల మధ్యకు చేరుతుంది. భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ హాన్ 1982లో అమెరికాలో మొదలుపెట్టిన డాహన్ కంపెనీ ఈ తరహా సైకిళ్లకు పేరు తెచ్చింది. నాది ఆ కంపెనీది కాదు కానీ తీరు అదే. హైదరాబాదులో నల్లగండ్ల నుంచి లింగంపల్లి స్టేషను దాకా తొక్కి, మడిచి, ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో బేగంపేట వెళ్లి, అక్కడ విప్పి మళ్లీ ఆఫీసుకు తొక్కడం నా వాడకం. అంటే రోజుకు ఎన్నోసార్లు మడతలు. మడత పాడయ్యే మార్పు ఎంత సుఖాన్నిచ్చినా నాకు అక్కరలేదు.

మార్చాల్సిన అవసరం చేతుల వల్ల వచ్చింది. దాంతో వచ్చిన హ్యాండిల్ కర్రలా తిన్నగా ఉండేది. అరగంట తొక్కేసరికి చిటికెన వేలు, దాని పక్కన ఉంగరపు వేలు తిమ్మిరెక్కేవి. ఆ రెండు వేళ్లకు వెళ్లే నరం అరచేతి బయటి అంచు పక్కగా పోతుంది. తిన్నని హ్యాండిల్ మీద మణికట్టు బయటికి వంగి, బరువంతా సరిగ్గా అక్కడే పడుతుంది. చేతి తొడుగులు, మెత్తటి గ్రిప్పులు ప్రయత్నించాను. అవి తిమ్మిరిని కొంచెం ఆలస్యం చేశాయి, అంతే.

మన నాన్నల కాలం నల్ల సైకిలు గుర్తు తెచ్చుకోండి. దాని హ్యాండిల్ రెండు పక్కలా వెనక్కి వంగి మన వైపు వస్తుంది. చేతులు వదులుగా వేలాడేసి పిడికిలి బిగిస్తే అరచేతులు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉంటాయి కదా, ఆ సైకిలు మీద పట్టు దాదాపు అలాగే ఉంటుంది. ఊళ్లో పాలక్యాన్లు కట్టుకుని మైళ్లు తొక్కినవాళ్లకు వేళ్ల తిమ్మిరి గురించి చెబితే నవ్వుతారు. ఆ హ్యాండిలే తెచ్చి పెట్టేద్దామంటే కుదరదు. అది కింది గొట్టంతో కలిసి ఒకే ముక్కగా ఉంటుంది, పైగా రాడ్ బ్రేకుల పిడి దాని కిందే అమర్చి ఉంటుంది. అదే వంపుతో అల్యూమినియంలో విడిగా దొరికే హ్యాండిల్ కావాలి.

కొనేముందు రెండు కొలతలు చూసుకోవాలి. మధ్యలో బిగించే చోటు మందం నా సైకిలుకు 25.4 మిల్లీమీటర్లు, అంటే నికరంగా అంగుళం. ఈమధ్య వచ్చే గేర్ల సైకిళ్లలో చాలావాటికి అది 31.8. రెండోది పట్టుకునే చోటు మందం. మామూలు బ్రేకు లివర్లు, తిప్పే గేరు పిడి ఎక్కాలంటే 22.2 ఉండాలి. పందెపు సైకిళ్ల వంపు హ్యాండిళ్లకు ఇది 23.8 ఉంటుంది, మన లివర్లు వాటికి ఎక్కవు. నేను ఇంకో కొలత కూడా అడిగాను: వంపు తర్వాత చివరి దాకా తిన్నగా ఉన్న భాగం ఎంత పొడవు? దుకాణాల్లో ఎవరూ చెప్పరు, మనమే టేపు పెట్టి చూసుకోవాలి. ఆ తిన్నని ముక్క మీదే గ్రిప్పు, గేరు పిడి, బ్రేకు లివరు మూడూ పట్టాలి. లివరు పట్టీ వంపు మీద కూర్చుంటే బోల్టు ఎంత బిగించినా తిరుగుతూనే ఉంటుంది.

కోఠీ దగ్గర ఇసామియా బజార్‌లో సైకిళ్ల దుకాణాలు చాలా ఉన్నాయి. వైర్లు, వాటి మీద తొడుగులా ఉండే గొట్టాలు, అంటే ఔటర్లు, అక్కడే కొన్నాను. కౌంటరు వెనక కూర్చున్న పెద్దాయనకు మడత సైకిళ్లతో పెద్దగా పరిచయం లేదు. కానీ నేను వెనక బ్రేకుకు ఎంత ఔటరు కావాలో చెప్పబోతుంటే ఆపి, “ముందు మడిచి చూపించండి సార్” అన్నారు. దుకాణం ముందే మడిచాను. హ్యాండిల్ గొట్టం వాలుతున్నప్పుడు వైర్లు ఎటు కదులుతున్నాయో వంగి చూశారు. “ఎక్కువైతే ఇంటి దగ్గర కోసుకుంటారు. తక్కువైతే మళ్లీ నా దగ్గరికి రావాలి. ఇదిగో, ఇంకో అర మీటరు పట్టుకెళ్లండి” అని కోసి ఇచ్చారు. వ్యాపారం కోసం అన్నారని మొదట అనుకున్నాను. ఆ అర మీటరులో సగం సైకిలుకే పట్టింది.

ఔటరు కొనేటప్పుడు ఒక సంగతి తెలిసి ఉండాలి. బ్రేకు ఔటరు, గేరు ఔటరు పైకి ఒకేలా కనిపించినా లోపల వేరు. 5 మిల్లీమీటర్ల బ్రేకు ఔటరులో ఉక్కు పట్టీ స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు వచ్చే బలాన్ని అది తట్టుకుంటుంది కానీ, వంగినప్పుడు దాని పొడవు కొంచెం మారుతుంది. 4 మిల్లీమీటర్ల గేరు ఔటరులో సన్నని ఉక్కు తీగలు నిలువుగా, పక్కపక్కన ఉంటాయి. దాని పొడవు దాదాపు మారదు. ఒక్కో గేరుకు లోపలి వైరు జరిగేదే సుమారు 3 మిల్లీమీటర్లు కాబట్టి గేర్లకు ఆ కచ్చితత్వం కావాలి. బ్రేకు ఔటరును గేరుకు వేస్తే గేర్లు తిన్నగా పడవు, అంతకు మించి ప్రమాదం లేదు. గేరు ఔటరును బ్రేకుకు వేస్తే మాత్రం గట్టిగా నొక్కినప్పుడు చీలిపోవచ్చు. మిగిలిన ముక్క ఉంది కదా అని పొదుపు చేసే చోటు ఇది కాదు. లోపలి వైర్లు కూడా వేరే: బ్రేకుది 1.5 లేదా 1.6 మిల్లీమీటర్ల మందం, గేరుది 1.2.

లండన్‌లో తయారయ్యే బ్రాంప్టన్ మడత సైకిళ్లవారికి ఈ తలనొప్పి కొంత తక్కువ. ఎం రకం హ్యాండిల్‌కు, ఎస్ రకానికి, హెచ్ రకానికి వేర్వేరు పొడవుల్లో వైర్లు సిద్ధంగా దొరుకుతాయి. మనలాంటివాళ్లం కొలుచుకోవాల్సిందే.

విప్పే ముందు ఫోనుతో ఫొటోలు తీసుకున్నాను. సైకిలు విప్పి ఉన్నప్పుడు నాలుగు వైపులా, మడిచి ఉన్నప్పుడు నాలుగు వైపులా. మూడు వైర్లలో ఏది ఏ కొక్కెంలోంచి పోతోందో, ఏది గొట్టానికి ముందు నుంచి, ఏది వెనక నుంచి పోతోందో విప్పాక గుర్తుండదు. పాత గ్రిప్పుల కింద సన్నని చువ్వ దూర్చి, ఆ సందులో సబ్బు నీళ్లు పోస్తే మెలితిప్పగానే ఊడివచ్చాయి. ఎక్కించేటప్పుడు సబ్బు వద్దు, అది లోపల మిగిలి గ్రిప్పు జారుతుంది. చేతులకు రాసుకునే శానిటైజరు రాస్తే గ్రిప్పు సులువుగా ఎక్కుతుంది, కాసేపటికి ఆరిపోయి పట్టేస్తుంది. నూనె జోలికి మాత్రం పోకూడదు.

కొత్త హ్యాండిల్‌ను వదులుగా బిగించి, వైర్లేమీ లేకుండా ముందు మడిచి చూశాను. ఎడమ కొన వెళ్లి ముందు టైరుకు ఆనుకుంది. పిడిని కొంచెం కిందికి తిప్పితే టైరును వదిలింది కానీ కుడి కొన ఫ్రేముకు తగిలింది. ఇంకొంచెం తిప్పితే రెండూ ఇమిడాయి, అప్పుడు తొక్కడానికి కూర్చుంటే అరచేతులు కిందికి జారుతున్నట్టు అనిపించింది. మడతకు నచ్చిన కోణం, చేతులకు నచ్చిన కోణం ఒకటి కావు. రెంటికీ మధ్య ఇరుకైన జాగా ఒకటి ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకోవాలి. దొరికాక హ్యాండిల్‌కూ దాన్ని బిగించే పట్టీకీ కలిపి గోళ్ల రంగుతో సన్నగా ఒక గీత గీశాను. ఆ తర్వాత ఎన్నిసార్లు విప్పినా కోణం తప్పలేదు.

ఇక వైర్ల పొడవు. దారంతో కొలిస్తే ప్రయోజనం లేదు. దారం ఎటుపడితే అటు వంగుతుంది, ఔటరుకు దాని సొంత బిగువు ఉంటుంది. ఇంట్లో పాత కేబుల్ టీవీ వైరు ముక్కలు పడి ఉన్నాయి. వాటి మందం, బిగువు ఔటరుకు దగ్గరగా ఉంటాయి. ఒక ముక్కను లివరు దగ్గర టేపుతో అంటించి, పాత ఔటరు పోయిన దారిలోనే నడిపించి, కీలు దాటి ఫ్రేము మీదికి తీసుకెళ్లి అక్కడ చేత్తో పట్టుకున్నాను. హ్యాండిల్‌ను కుడికి పూర్తిగా, ఎడమకు పూర్తిగా తిప్పాను. తర్వాత గొట్టం కీలు తీసి మెల్లగా వాల్చాను.

వైరు అన్నిటికన్నా బిగుసుకునేది పూర్తిగా మడిచినప్పుడు కాదని అప్పుడు తెలిసింది. గొట్టం సగం దూరం వాలినప్పుడు నా వేళ్ల మధ్య ఉన్న వైరు సర్రున జారింది, పూర్తిగా వాలాక మళ్లీ వదులైంది. కేవలం విప్పిన స్థితి, మడిచిన స్థితి చూసి కొలిస్తే ఆ మధ్యలోని లాగుడు తెలియదు. అది రోజూ మడిచేటప్పుడు లివరు మూలన ఔటరును వంచి వంచి చివరికి విరగ్గొడుతుంది. పాత వైరు కన్నా కొత్తది బెత్తెడు పైన పొడవు కావాల్సి వచ్చింది, ముందు బ్రేకుకు అంతకంటే కొంచెం తక్కువ. అలాగని ధారాళంగా వదిలినా తప్పే. మడిచినప్పుడు ఆ ఉచ్చు వెళ్లి టైరు మీద కూర్చుంటుంది, లేదా ఎక్కేటప్పుడు మోకాలికి తగులుతుంది. ఫ్రేము మధ్య కీలు దగ్గర కూడా ఇదే పరీక్ష చేయాలి. అక్కడ వెనక బ్రేకు వైరూ గేరు వైరూ రెండూ దాటుతాయి.

అప్పుడు కోశాను. మామూలు కటింగ్ ప్లయరుతో ఔటరు కోస్తే కొన నలిగిపోతుంది, అందుకని వైర్లు కోసే కత్తెర ఒకటి కొన్నాను. అంత పదునైన కత్తెరతో కోసినా బ్రేకు ఔటరు చివర ఉక్కు పట్టీ ఒక ముల్లులా లోపలికి పొడుచుకువస్తుంది. ఆకురాయితో దాన్ని తిన్నగా రాకాలి. లోపలి ప్లాస్టిక్ గొట్టం నోరు మూసుకుపోయి ఉంటుంది, దబ్బనం దూర్చి గుండ్రంగా తెరవాలి. ఈ రెండు పనులూ చేశాక వైరు దూర్చి అటూ ఇటూ లాగితే చెయ్యికి ఏ అడ్డూ తగలకూడదు. కొంచెం గరగరమన్నా తీసి మళ్లీ సరిచేయాలి. బ్రేకు మెత్తగా ఉందనీ గేరు మొరాయిస్తోందనీ వచ్చే ఫిర్యాదుల్లో సగం ఈ కొనల దగ్గరే పుడతాయని నా నమ్మకం. తర్వాత కొనలకు లోహపు టోపీలు పెట్టాలి.

హ్యాండిల్ పట్టీకి నాలుగు బోల్టులు. ఎదురెదురు మూలలు మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలి, పైన కింద సందు సమానంగా మిగలాలి. ఎంత బలంతో బిగించాలో నా పట్టీ మీదే 5 న్యూటన్ మీటర్లు అని అచ్చు వేసి ఉంది. బలం చూపించే పానా లేనివాళ్లు చిన్న అలెన్ కీని పొట్టి వైపు పట్టుకుని తిప్పితే అతి చేయకుండా ఆగొచ్చు. బిగించాక ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి, రెండు పిడుల మీదా ఒళ్లు వేసి నొక్కాను. గోళ్ల రంగు గీత కదలకపోతే పట్టు సరిపోయినట్టే.

గేర్లు సర్దాలంటే వెనక చక్రం గాలిలో తిరగాలి. స్టాండు లేదు. హాల్లో ఉయ్యాల కొక్కెం ఉంది. దానికి తాడు కట్టి సీటు దగ్గర సైకిలును వేలాడదీశాను. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, “ఒరే, ఆ కొక్కానికి మనవణ్ణి ఊపుదామని ఎన్నాళ్లనుంచో చూస్తున్నానురా. నువ్వు దీన్ని ఊపుతున్నావా?” అంది. సమాధానం చెప్పేలోపే లోపలికి వెళ్లిపోయింది.

ఈ పనిలో వెనక గేరు యంత్రం మార్చలేదు కాబట్టి దాని మీద ఉన్న రెండు హద్దు స్క్రూలను ముట్టుకోనక్కరలేదు. చాలామంది గేరు పడకపోగానే వాటినే తిప్పుతారు, అప్పుడు చైను ఫ్రీవీలు దాటి చువ్వల్లో పడుతుంది. వాటి పని చైనును రెండు చివర్లా ఆపడం. మధ్య గేర్ల సంగతి వైరు బిగువు చూసుకుంటుంది. పిడిని 7లో పెట్టాను, అక్కడ చైను చిన్న పళ్ల చక్రం మీద, వైరు అన్నిటికన్నా వదులుగా ఉంటుంది. గేరు యంత్రం దగ్గరున్న సర్దుబాటు మరను పూర్తిగా లోపలికి తిప్పి, ఒక చుట్టు వెనక్కి ఇచ్చి, వైరును చేత్తో లాగిపట్టి బోల్టు బిగించాను. పెడలు తిప్పుతూ ఒక గేరు మార్చితే చైను ఎక్కలేదు. మరను బయటికి, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా, అర చుట్టు తిప్పితే వైరు బిగుస్తుంది. ఇంకో పావు చుట్టు ఇచ్చాక టక్కున ఎక్కింది. మధ్య గేర్లలో చైను పక్కనున్న పెద్ద పళ్ల చక్రానికి రాసుకుంటూ చప్పుడు చేస్తుంటే ఆ మరను కొంచెం లోపలికి తిప్పాలి. చెవి దగ్గర పెట్టి వినాల్సిన పని ఇది. ఫ్యాను ఆపి చేసుకుంటే మేలు.

గేర్లు సర్దడం అయ్యాక కిందికి దించి, మడిచి, విప్పి మళ్లీ వేలాడదీసి చూడాలి. నేను చూస్తే మూడో గేరు తప్పుతోంది. మడతలో ఔటరు కొంచెం జరిగి, లోహపు టోపీ తన గూట్లో ఇంకాస్త లోతుకు కూర్చుంది. మళ్లీ పావు చుట్టు. అన్ని ఔటర్లూ గూళ్లలో కుదురుకునేదాకా ఇలా జరుగుతుంది. వరసగా మడిచి విప్పుతూ, బ్రేకు లివర్లను పలుమార్లు గట్టిగా నొక్కితే ఆ కుదురుకోవడం ఇంట్లోనే అయిపోతుంది.

బ్రేకుల దగ్గర చెప్పేది తక్కువ. రబ్బరు దిమ్మలు రిమ్ముకు ఒకటిన్నర మిల్లీమీటరు దూరంలో ఉండాలి. రెండు పక్కలా సమానంగా రావడానికి బ్రేకు చేతుల అడుగున చిన్న స్క్రూలుంటాయి. లివర్లు పాతవే వాడాను. కొత్తవి కొనేవాళ్లు వి-బ్రేకులకు సరిపడేవి అడిగి తీసుకోవాలి, వాటికి వైరును ఎక్కువ దూరం లాగే లివర్లు కావాలి. మిగిలిన వైరు కొసలు కోసి టోపీలు నొక్కాలి, లేకపోతే తీగలు విచ్చుకుని మడిచేటప్పుడు వేళ్లలో గుచ్చుకుంటాయి.

మొదట అపార్టుమెంటు సెల్లారులో, తర్వాత కాలనీ రోడ్ల మీద తిప్పి, ఆ ఆదివారం ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలారు పైకప్పు వేసిన సైకిలు దారికి వెళ్లాను. 2023లో మొదలైన ఆ దారి మొత్తం 23 కిలోమీటర్లు, బండ్ల భయం లేకుండా బ్రేకులు పరీక్షించుకోవచ్చు. వేళ్లకు తిమ్మిరి రాలేదు. వీపు నిటారుగా ఉంటుంది కాబట్టి చుట్టూ చూస్తూ తొక్కొచ్చు. నష్టాలు కూడా ఉన్నాయి. ఎదురుగాలికి ఛాతీ అడ్డుపడుతుంది. చేతుల మీది బరువు సీటు మీదికి చేరింది, అందుకే సీటు కొంచెం వెనక్కి జరపాల్సి వచ్చింది. లేచి నిలబడి ఎత్తు ఎక్కడం పాత హ్యాండిల్ మీద ఉన్నంత బాగా లేదు. ఇరుకు మలుపులో హ్యాండిల్ కొన మోకాలికి తగులుతుంది, కాబట్టి తిరిగేటప్పుడు లోపలి వైపు పెడలు కిందికి ఉంచడం అలవాటు చేసుకోవాలి. రోజూ రైలెక్కి ఆఫీసుకు పోయేవాణ్ణి కనుక నాకు ఇది లాభం బేరమే. గట్టిగా, వేగంగా తొక్కేవాళ్లకు నేను చెప్పను.

మడత కొంచెం వెడల్పయింది. ఎంఎంటీఎస్‌లో తలుపు పక్కన నిలబెడితే గ్రిప్పు కొన ఎవరి కాలికో తగులుతోందని పాత తువ్వాలుతో చేసిన సంచి తొడుగుతున్నాను. మడిచే ముందు గేరు 7లో పెట్టడం, హ్యాండిల్‌ను ఎప్పుడూ ఒకే వైపు తిప్పి వాల్చడం ఇప్పుడు చేతికే వచ్చేసింది. తేలని సమస్య గంట ఒకటే. ఆ తిన్నని ముక్క మీద దానికి చోటు లేదు, అందుకని నిలువు గొట్టానికి బిగించాను. మడిచిన ప్రతిసారీ ఫ్రేముకు తగిలి మోగుతుంది. ప్లాట్‌ఫారం మీద జనం దారి ఇస్తున్నారు కాబట్టి ఇంకా మార్చలేదు.